దవడ అనాటమీ: వేళ్లతో తడిమి, పెన్సిల్‌తో గీసి, వైవాలో తడబడకుండా చెప్పడం ఎలా

ఇన్‌ఫ్రాటెంపొరల్ ఫాసా (చెంప ఎముక వెనక, దవడకు లోపలి వైపు ఉండే గుంట) పాఠం మొదలైన వారానికి ఫస్టియర్ పిల్లలు నన్ను కారిడార్‌లో ఆపి అడిగేది ఒకటే. "మేడమ్, చదివినప్పుడు వస్తోంది, తెల్లారేసరికి పోతోంది. ఏం చెయ్యాలి?" ఎంబీబీఎస్ వాళ్లదీ బీడీఎస్ వాళ్లదీ ఇదే గోల. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి అలిసిపోయి ఇక్కడ రాస్తున్నాను.

తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు, మీరు చదివే వరసది. చాలామంది కింది దవడకు పోయే మాండిబ్యులర్ నరం కొమ్మల జాబితాతో మొదలుపెడతారు. ఎముకా కండరమూ తెలియకపోతే ఆ కొమ్మల్ని మనసులో ఎక్కడ తగిలిస్తారు?

ఈ ప్రాంతంలో గుర్తు పెట్టుకోవలసిన కండరం ఒక్కటే, దవడను ముందుకు లాగే లేటరల్ టెరిగాయిడ్. వైజాగ్‌లో ఎవరికి దారి చెప్పినా "జగదాంబ నుంచి ఇటు" అనే మొదలుపెడతాం కదా. ఇక్కడి నరాల, ధమనుల చిరునామాలన్నీ ఆ కండరం నుంచే చెప్పుకోవాలి.

వరస ఇది: ఎముక, మీ ముఖం, కండరాల బొమ్మ, నరాలు, ధమని, ఆ తర్వాత డిసెక్షన్ హాల్. రోజుకు గంటన్నర చొప్పున ఐదు సాయంత్రాలు చాలు.

1. ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- కింది దవడతో సహా ఒక పుర్రె. సీనియర్ దగ్గర బోన్ సెట్ తీసుకునేటప్పుడు ఆ దవడ ఆ పుర్రెదేనా చూసుకోండి. కాండైళ్లు, అంటే దవడ పైకొసల గుండ్రటి తలలు, రెండూ గుంటల్లో కూర్చోవాలి, పళ్ల మీదికి పళ్లు రావాలి.
- చేతి అద్దం, ఫోన్ టార్చ్, కాస్త దూది.
- పెన్సిల్, రబ్బరు, గీతల్లేని కాగితాలు. ఎరుపు, పసుపు, గోధుమ రంగు పెన్సిళ్లు.
- ఎర్ర దారం, పసుపు దారం, సన్నటి చీపురు పుల్ల ఒకటి. పూర్ణా మార్కెట్‌కి ఒకసారి వెళ్తే అన్నీ దొరుకుతాయి.
- నమలడానికి ఏదైనా గట్టిది. తేగల కాలమైతే తేగ, లేకపోతే వేయించిన శనగలు. ఇది వేళాకోళం కాదు, మూడో అంచెలో పని ఉంది.

ప్లాస్టిక్ పుర్రెతోనూ మొదలుపెట్టవచ్చు. కానీ చవక మోడళ్లలో చిన్న రంధ్రాలు పోత పోసినప్పుడే పూడిపోయి ఉంటాయి. ఆ రంధ్రాలే మనకు ముఖ్యం.

2. మొదటి సాయంత్రం ఎముకకే

ఆ రోజు పుస్తకం తెరవకండి. దవడను ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతి వేలితో ఒక్కొక్కటీ తాకి పేరు పైకి చెప్పండి.

దవడ మీద: కాండైల్, దాని కింద మెడ, ముందు వైపు కొరొనాయిడ్ అనే మొన, ఆ రెండింటి మధ్య నాచ్ అనే పల్లం, నిలువు పలక అయిన రేమస్, వెనక కింద మూల. రేమస్ లోపలి వైపు మాండిబ్యులర్ రంధ్రం, దాని ముందు నాలుకలా పొడుచుకొచ్చిన లింగ్యులా. బయటి వైపు, ప్రీమోలార్ పళ్ల కింద మెంటల్ రంధ్రం.

పుర్రె మీద: చెంప ఎముక వంపు, అంటే జైగొమాటిక్ ఆర్చ్. కీలు గుంట, దాని ముందున్న దిమ్మ. ఆర్చ్ లోపలికి తొంగి చూస్తే పలచటి లేటరల్ టెరిగాయిడ్ ప్లేట్. ఆ ప్లేట్ మొదలుకు వెనక ఫొరామెన్ ఒవేల్ అనే రంధ్రం. దానికి ఇంకాస్త వెనక, బయటి వైపుకి, చిన్న ఫొరామెన్ స్పైనోజమ్.

పుర్రె పైకప్పు తీసేటట్టు ఉంటే లోపల ఫోన్ టార్చ్ పెట్టి, గదిలో లైటు ఆపి, కింది నుంచి చూడండి. ఒవేల్ కోడిగుడ్డు ఆకారంలో వెలుగుతుంది, పక్కన స్పైనోజమ్ చుక్కలా ఉంటుంది. ఒకసారి ఇలా చూసినవాళ్లు ఆ రెండింటినీ మళ్లీ తారుమారు చెయ్యడం నేను చూడలేదు.

తర్వాత పసుపు దారాన్ని ఒవేల్ లోంచి కిందికి దించి, దవడ తగిలించి, దాని కొసను మాండిబ్యులర్ రంధ్రం దగ్గరకు తీసుకురండి. ఎర్ర దారాన్ని కాండైల్ మెడ వెనక నుంచి లోపలికి తెచ్చి స్పైనోజమ్‌లోకి పైకి ఎక్కించండి. నరం కిందికి దిగుతోంది, ధమని పైకి ఎక్కుతోంది. మూడొంతుల పాఠం ఈ రెండు దారాల్లోనే ఉంది.

చీపురు పుల్ల మాండిబ్యులర్ రంధ్రంలోకి ఎటు పోతుందో చూడ్డానికి మాత్రమే. గట్టిగా తోస్తే పలచటి ఎముక విరుగుతుంది, సీనియర్‌తో మాట పడతారు.

3. అద్దం ముందు మీ ముఖం

చేతులు కడుక్కుని, గోళ్లు కత్తిరించుకుని కూర్చోండి. చూపుడు వేలు, మధ్య వేలు కొసల మెత్తటి భాగంతోనే తడమాలి. బొటనవేలు వద్దు, దానిలో కొట్టుకునే నాడే మిమ్మల్ని మోసం చేస్తుంది.

మాసెటర్: వేళ్లు చెంప మీద, దవడ మూలకు కాస్త పైన పెట్టి పళ్లు బిగించండి. గట్టిగా ఉబికేది అదే. చెంప ఎముక వంపు దగ్గర మొదలై దవడ మూల దాకా దిగుతుంది. దాని ముందు అంచు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి, ఇంకో రెండు పనులకు కావాలి.

టెంపొరాలిస్: అరచేయి కణత మీద పరిచి పళ్లు బిగిస్తే ముందు భాగం ఉబుకుతుంది. ఇప్పుడు కింది దవడను మెల్లగా వెనక్కి లాగండి. ఈసారి కదిలేది చెవికి పైన, వెనక వైపు పోగులు. ముందు పోగులు నిలువుగా ఉండి దవడను ఎత్తుతాయి, వెనక పోగులు అడ్డంగా ఉండి వెనక్కి లాగుతాయి.

ఇప్పుడు ఆ తేగ కొరకండి. ఒక చేయి చెంప మీద, ఒక చేయి కణత మీద. గట్టి పీచు తగిలినప్పుడు రెండూ ఉబుకుతాయి. దవడ పక్కకి జరిగేటప్పుడు ఏ వైపు ఉబ్బు తగ్గుతోందో గమనించండి. బీచ్ రోడ్డులో మొక్కజొన్న పొత్తు తింటూ కూడా ఇది చెయ్యవచ్చు. పక్కవాళ్లు పంటినొప్పి అనుకుంటారు, ఫరవాలేదు.

కీలు: చెవి ముందున్న చిన్న మృదులాస్థి బుడిపెకు కాస్త ముందు వేలు పెట్టి నోరు తెరవండి. మొదట కాండైల్ ఉన్నచోటే తిరుగుతుంది, తర్వాత ముందుకు జారుతుంది. జారాక వేలి కింద గుంట పడుతుంది. ఆ జారుడు లేటరల్ టెరిగాయిడ్ పని. ఆ కండరం మాత్రం బయటి నుంచి చేతికి అందదు. నోట్లో వేలు పెట్టి తడమవచ్చని కొందరు చెప్తారు కానీ, ఫస్టియర్‌లో ఆ ప్రయత్నం వల్ల వాంతి తప్ప ఏమీ రాదు.

ఫేషియల్ ధమని: చాలామందికి దొరకనిది ఇదే. పళ్లు బిగించి మాసెటర్ ముందు అంచును దవడ కింది అంచు దాకా వెతుక్కుంటూ రండి. రెండూ కలిసే మూలలో వేలు ఉంచి పళ్లు వదిలెయ్యండి. ఇప్పుడు పువ్వు మీద వేలు పెట్టినంత తేలిగ్గా, ఎముక మీదికి ఆనించండి. కొట్టుకుంటుంది. దొరకలేదంటే ఎక్కువ నొక్కుతున్నారన్నమాట.

సూపర్‌ఫిషియల్ టెంపొరల్ ధమని: చెవి ముందు, ఆర్చ్ వెనక భాగం మీద. ఇది అందరికీ తేలిగ్గా దొరుకుతుంది. దాని వెనకే ఆరిక్యులోటెంపొరల్ నరం.

పెరోటిడ్ నాళం, అంటే చెవి ముందున్న లాలాజల గ్రంథి గొట్టం: పళ్లు బిగించి, ఆర్చ్‌కి ఒక వేలి వెడల్పు కింద, మాసెటర్ ముందు అంచు మీద వేలిని పైకీ కిందికీ దొర్లించండి. సన్నటి తాడులా తగులుతుంది. నోట్లో అది తెరుచుకునే చోటు పైదవడ రెండో మోలార్ పన్నుకు ఎదురుగా ఉంటుంది. అక్కడ దూదితో తుడిచి, ఉసిరికాయను తలుచుకుని, చెంపను బయటి నుంచి ముందుకు నిమిరితే లాలాజలం చుక్క ఊరుతుంది.

ఒక జాగ్రత్త. మెడ మీద కెరోటిడ్ ధమనిని రెండు వైపులా ఒకేసారి నొక్కకండి. కళ్లు తిరిగి పడతారు.

ఈ అంచె అయిందో లేదో చూసుకోవడానికి:
- కళ్లు మూసుకుని మాసెటర్ ముందు అంచు చూపగలను.
- ఫేషియల్ ధమని నాడి రెండు వైపులా పది సెకన్లలో దొరుకుతోంది.
- నా మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పడుతున్నాయి. మామూలుగా నోరు 40 మిల్లీమీటర్లు, ఆపైన తెరుచుకుంటుంది.

4. కండరాల బొమ్మ, పెన్సిల్‌తో

పక్క నుంచి చూస్తున్నట్టు గీయండి. కానీ ఆర్చ్, కొరొనాయిడ్, రేమస్ తీసేసినట్టు అనుకోండి. మాసెటర్, టెంపొరాలిస్ బయటి గోడలు, వాటిని ఈ బొమ్మలో వెయ్యక్కర్లేదు.

ముందు కాండైల్, ఎడం వదిలి లేటరల్ టెరిగాయిడ్ ప్లేట్. వాటి మధ్య గోధుమ రంగుతో లేటరల్ టెరిగాయిడ్. రెండు తలలు: పై తల స్ఫీనాయిడ్ పెద్ద రెక్క కింది ముఖం నుంచి, కింది తల ప్లేట్ బయటి ముఖం నుంచి. రెండూ వెనక్కి పోయి కాండైల్ మెడకూ, కీలు సంచికీ, డిస్క్‌కీ అతుక్కుంటాయి. పోగులు అడ్డంగా ఉన్నాయని గమనించండి. అడ్డంగా ఉన్న కండరం దవడను ఎత్తలేదు, ముందుకే లాగుతుంది. డైగాస్ట్రిక్ లాంటి గడ్డం కింది కండరాలతో కలిసి అది నోరు తెరుస్తుంది. నమిలే కండరాలు నాలుగింటిలో మిగతా మూడూ మూసేవే.

తర్వాత మీడియల్ టెరిగాయిడ్. దీనికీ రెండు తలలే. పెద్దది ప్లేట్ లోపలి ముఖం నుంచి, చిన్నది పైదవడ వెనక గడ్డ నుంచి. లేటరల్ కింది తలను ఈ రెండూ పట్టకారులా పట్టుకుని, వెనక్కీ కిందికీ దిగి, దవడ మూల లోపలి వైపు ముగుస్తాయి. బయటి వైపు మాసెటర్, లోపలి వైపు ఇది. దవడ మూల ఉయ్యాల్లో పడుకున్నట్టు ఉంటుంది.

ప్లేట్ లోపలి ముఖం నుంచి పుట్టింది మీడియల్, బయటి ముఖం నుంచి పుట్టింది లేటరల్. అయినా రెండూ పుట్టేది లేటరల్ ప్లేట్ నుంచే. మీడియల్ టెరిగాయిడ్ పుట్టేది మీడియల్ ప్లేట్ నుంచి అని రాసిన రికార్డులు ఏటా నాలుగైదు దిద్దుతాను.

చెంప కండరమైన బక్సినేటర్‌ని ఈ నాలుగింటితో కలపకండి. నమిలేటప్పుడు మెతుకుల్ని పళ్ల మీదికి తోస్తుంది నిజమే, కానీ దాని నరం ఫేషియల్, అంటే ముఖ కవళికల కండరాల నరం.

5. నరాలు, పసుపు రంగుతో

జాబితా రాయకండి. లేటరల్ టెరిగాయిడ్ చుట్టూ మూడు గుమ్మాలు పెట్టుకోండి.

పై అంచు మీదుగా బయటికొచ్చేవి: డీప్ టెంపొరల్ నరాలు, మాసెటెరిక్ నరం. టెంపొరాలిస్‌కి పైకి, మాసెటర్‌కి నాచ్ మీదుగా బయటికి.

రెండు తలల మధ్య నుంచి: బక్కల్ నరం.

కింది అంచు నుంచి: ముందు లింగ్వల్, వెనక ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్. లింగ్వల్ నాలుక వైపు వంపు తిరుగుతుంది, ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ ఎముకలోకి దూరుతుంది.

ఇప్పుడు మొదలు కాండం. మాండిబ్యులర్ నరం ఒవేల్ నుంచి దిగీదిగగానే మెదడు పొరలకు పోయే మెనింజియల్ కొమ్మనూ, మీడియల్ టెరిగాయిడ్ నరాన్నీ ఇచ్చి రెండుగా చీలుతుంది. ముందు భాగంలో బక్కల్ తప్ప అన్నీ కండరాలకే పోతాయి. వెనక భాగంలో మైలోహయాయిడ్ కొమ్మ తప్ప అన్నీ స్పర్శ నరాలే. ఈ రెండు "తప్ప"లు పట్టుకుంటే వైవాలో సగం ప్రశ్నలు అయిపోయినట్టే.

వెనక భాగంలో మూడోది ఆరిక్యులోటెంపొరల్. రెండు వేర్లతో మిడిల్ మెనింజియల్ ధమనిని ఇటూ అటూ పట్టుకుని వెనక్కి పోతుంది. ఆ ఉచ్చు గీయకపోతే బొమ్మకు మార్కులు తగ్గిస్తాను, ముందే చెప్తున్నా.

చివరగా కార్డా టింపనీ. ఇది ఫేషియల్ నరం కొమ్మ, వెనక నుంచి వచ్చి లింగ్వల్‌లో కలుస్తుంది. నాలుక ముందు రెండొంతుల రుచి దీనితోనే పోతుంది.

6. మాక్సిలరీ ధమని, ఎరుపు రంగుతో

ఎక్స్‌టర్నల్ కెరోటిడ్ కాండైల్ మెడ వెనక రెండుగా ముగుస్తుంది. పెద్దది మాక్సిలరీ. మెడకు లోపలి వైపు నుంచి ముందుకు పోయి, లేటరల్ టెరిగాయిడ్ కింది తల మీదుగానో, దాని లోపలి వైపు నుంచో దాటుతుంది. రెండూ మామూలే. మీ టేబుల్ మీద ఒకలా, పక్క టేబుల్ మీద ఇంకోలా కనిపిస్తే కంగారు పడకండి.

ఆ కండరాన్ని బట్టే మూడు భాగాలు.

కండరాన్ని చేరకముందు, మొదటి భాగం: ఐదు కొమ్మలు. ఐదూ ఏదో ఒక ఎముక రంధ్రంలోకో సందులోకో దూరతాయి. డీప్ ఆరిక్యులార్, యాంటీరియర్ టింపానిక్, మిడిల్ మెనింజియల్, యాక్సెసరీ మెనింజియల్, ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్.

కండరం దగ్గర, రెండో భాగం: డీప్ టెంపొరల్, టెరిగాయిడ్, మాసెటెరిక్, బక్కల్ కొమ్మలు. ఎముకలోకి ఒక్కటీ పోదు, కండరాలకూ చెంపకూ మాత్రమే.

కండరం దాటాక, మూడో భాగం: పైదవడ వెనకున్న టెరిగోపాలటైన్ ఫాసాలోకి. పైదవడ వెనక పళ్లకు, కంటి కిందికి, అంగిలికి, ముక్కుకు. ఇది దవడ పాఠం కాదు, ముక్కు పాఠంలో మళ్లీ వస్తుంది. ఇప్పుడు పేర్లు చదివి వదిలెయ్యండి.

7. డిసెక్షన్ హాల్లో వరస

మన ఉక్కపోతలో ఫార్మలిన్ ఘాటు ఇంకా ఎక్కువ తెలుస్తుంది. ఖాళీ కడుపుతో రాకండి.

1. పైపొర: పెరోటిడ్, నాళం, ఫేషియల్ నరం కొమ్మలు, ఫేషియల్ ధమని. గ్రంథి లోపల బయటి నుంచి లోపలికి నరం, సిర, ధమని అన్న వరసలో వస్తాయి.
2. ఆర్చ్‌ని ముందూ వెనకా కోసి, మాసెటర్‌తో సహా కిందికి తిప్పండి. నాచ్ లోంచి వచ్చే నరం, ధమని చూశాకే తెంచాలి.
3. కొరొనాయిడ్‌ని ఏటవాలుగా కోసి టెంపొరాలిస్‌తో పైకి ఎత్తండి. ఆ స్నాయువును ఆనుకునే బక్కల్ నరం ఉంటుంది, తొందరపడితే అదే తెగేది.
4. రేమస్ లోపలి వైపు స్కాల్పెల్ పిడిని పై నుంచి కిందికి జార్చండి. అది ఆగిన చోట ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్ నరం ఎముకలోకి పోతోంది. రంపం ఆ చోటుకు పైనే, ఇంకో కోత కాండైల్ మెడ దగ్గర.
5. కొవ్వు, సిరల వల ఫోర్సెప్స్‌తో ఓపిగ్గా ఏరండి. సగం పీరియడ్ దీనికే పోతుంది. కత్తి వాడకండి.
6. లేటరల్ టెరిగాయిడ్, ధమని చూసి బొమ్మ వేశాక, కీలు విప్పి కాండైల్‌ని కండరంతో ముందుకు తిప్పండి. ఒవేల్ నుంచి దిగే కాండం, ఉచ్చు, కార్డా టింపనీ అక్కడ కనిపిస్తాయి.

8. ఏటా చూసే తప్పులు, వాటి దిద్దుబాటు

లింగ్వల్‌నీ ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్‌నీ తారుమారు చెయ్యడం. ఫోర్సెప్స్‌తో రెండింటినీ మెల్లగా లాగండి. ఎముక దగ్గర బిగిసిపోయేది ఇన్‌ఫీరియర్ ఆల్వియోలార్. వెనక నుంచి సన్న దారం లాంటిది వచ్చి కలిసింది లింగ్వల్.

రెండు బక్కల్ నరాలు. మాండిబ్యులర్ వాళ్ల బక్కల్ స్పర్శకు, ఫేషియల్ వాళ్ల బక్కల్ బక్సినేటర్‌కి. "బక్కల్" అని ఊరుకోకుండా ఎవరి బక్కలో చెప్పండి.

గడ్డం ఎటు వంగుతుంది? ఇక్కడ నేనే నా ఫస్టియర్ వైవాలో బోల్తా పడ్డాను, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. కుడి లేటరల్ టెరిగాయిడ్ కుడి కాండైల్‌ని ముందుకు లాగితే గడ్డం ఎడమకు పోతుంది. ఇప్పుడు అద్దం ముందు చేసి చూడండి. అయితే కుడి మాండిబ్యులర్ నరం దెబ్బతింటే? ఎడమది ఒక్కటే పని చేస్తుంది, అది గడ్డాన్ని కుడికి తోస్తుంది. అంటే నోరు తెరిస్తే దవడ దెబ్బతిన్న వైపుకే. ఫేషియల్ నరం దెబ్బతింటే మాత్రం పెదవుల మూల బాగున్న వైపుకి లాగుతుంది. మాండిబ్యులర్‌లో తోపు, ఫేషియల్‌లో లాగుడు. నేను ఎగ్జామినర్‌కి రెండోదాని జవాబు మొదటిదానికి చెప్పాను.

మార్జినల్ మాండిబ్యులర్ కొమ్మను మరిచిపోవడం. ఫేషియల్ నరం కొమ్మే, మీరు నాడి పట్టుకున్న చోటే ధమని మీదుగా దాటుతుంది. దవడ కింద గాటు పెట్టే సర్జన్లు ఎముక అంచుకి దాదాపు రెండు వేళ్ల కిందికి జరిగేది దీన్ని కాపాడడానికే. తెగితే కింది పెదవి ఆ వైపు కిందికి దిగదు.

దవడ జారడాన్ని నోరు మూసుకుపోవడంతో కలిపెయ్యడం. మా తమ్ముడు ఒక రాత్రి గట్టిగా ఆవులించాడు, నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "ఏట్రా, నోరు ముయ్యవేటి?" అని అమ్మ కసిరింది. వాడి కళ్లలో నీళ్లు చూశాక గాని విషయం అర్థం కాలేదు. కాండైళ్లు గుంట ముందున్న దిమ్మను దాటి ముందుకు పోయాయి, మూసే కండరాలు బిగుసుకుని వాటిని అక్కడే పట్టేశాయి. క్యాజువాలిటీలో డాక్టర్ కింది మోలార్ పళ్ల మీద బొటనవేళ్లు పెట్టి ముందు కిందికి, తర్వాత వెనక్కి తోశారు. దిమ్మను దాటించాలంటే కిందికి దించక తప్పదు. మీరు మాత్రం హాస్టల్లో ఎవరికైనా ఇలా అయితే చెయ్యి పెట్టకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి. నోరు తెరుచుకోకపోవడం, అంటే ట్రిస్మస్, దీనికి తిరగబడ్డ కథ. కింది పన్నుకు మత్తు ఇచ్చేటప్పుడు సూది మీడియల్ టెరిగాయిడ్‌లో దిగితే వస్తుంది. అదే సూది మరీ వెనక్కి పోయి పెరోటిడ్‌లో మందు పడితే మూతి కాసేపు వంకర పోతుంది. ఎందుకో ఏడో అంచె మొదటి పాయింట్‌లో ఉంది.

9. వైవాకు ముందు రోజు

పుస్తకం మూసి, పుర్రె చేతిలో పెట్టుకుని, స్నేహితుడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇవి చూపించండి.

- ఒవేల్, స్పైనోజమ్. ఒక్కోదానిలోంచి ఏం పోతుంది?
- లేటరల్ టెరిగాయిడ్ మూడు గుమ్మాలు, ఒక్కో గుమ్మంలో ఎవరు?
- రెండు "తప్ప"లు ఏవి?
- కింది పెదవి మొద్దుబారింది. నరం ఏ రంధ్రంలో దూరి, ఏ రంధ్రంలోంచి వచ్చింది?
- జ్ఞానదంతం పీకాక నాలుక ఒక వైపు మొద్దుబారింది. ఏ నరం, ఆ పన్నుకు ఎంత దగ్గర్లో ఉంది?
- కుడి వైపు మూడు నాడులు: ఫేషియల్, సూపర్‌ఫిషియల్ టెంపొరల్, ఇంకొకటి మెడ మీద. ఒక వైపే, మెల్లగా.

ఎక్కడ ఆగిపోతే ఆ ఒక్క అంచెకే వెనక్కి వెళ్లండి, మొదటి నుంచి చదవకండి. సాయంత్రం బోన్ సెట్ తిరిగి ఇచ్చేటప్పుడు స్పైనోజమ్‌లో ఎర్ర దారం ఉండిపోయిందేమో ఒకసారి చూసుకోండి. పోయిన ఏడాది నా పుర్రె రెండు దారాలతో తిరిగొచ్చింది.